పిల్లల దగ్గరికి మకాం మారుస్తున్నారా? ఉన్న జబ్బుకు ఎవరు కడతారో ముందు తేల్చుకోండి

మా కాకినాడలో పొద్దున్నే నడకకు వచ్చే రిటైరైనవాళ్లలో సగం మంది పిల్లలు బయటి దేశాల్లోనే ఉన్నారు. నలుగురం బెంచీ మీద కూర్చుంటే వచ్చే మాట ఒకటే: "వెళ్లిపోదామా, ఇక్కడే ఉందామా?" దాని వెనకే ఇంకో ప్రశ్న: "అక్కడ వైద్యం ఎలా ఉంటుందండీ?"

వైద్యం బాగానే ఉంటుంది. డాలస్‌లోనైనా టొరంటోలోనైనా డాక్టర్లకూ యంత్రాలకూ కొదవ లేదు. అడగాల్సిన ప్రశ్న అది కాదు. ఇప్పటికే మీ ఒంట్లో ఉన్న బీపీకి, షుగర్‌కి, గుండెలో వేసిన స్టెంట్‌కి, మీరు వెళ్తున్న వీసా మీద, మొదటి అయిదేళ్లు డబ్బు ఎవరు కడతారు? ఇది తేలితే ఏ దేశం, ఏ వీసా అన్నది దానంతట అదే తేలుతుంది. ఇది తేల్చుకోకుండా ఇల్లు అద్దెకిచ్చి విమానమెక్కినవాళ్లు పడిన అవస్థ కళ్లారా చూశాను. కొంత మేమూ పడ్డాం.

మా సంగతి చెబితే మిగతాది సులువుగా అర్థమవుతుంది. నాకు 68. జూనియర్ కాలేజీలో లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. 2017లో ఒక స్టెంట్ వేశారు. మా ఆవిడకు 64, షుగర్ వచ్చి పద్నాలుగేళ్లు. అబ్బాయి డాలస్ దగ్గర ఉంటాడు, అమెరికా పౌరసత్వం వచ్చింది. అమ్మాయి టొరంటో పక్కన బ్రాంప్టన్‌లో ఉంటుంది. వాడు గ్రీన్ కార్డుకు వేస్తానంటాడు, అది కెనడా సూపర్ వీసాకు (తల్లిదండ్రులకిచ్చే దీర్ఘకాలపు విజిటర్ వీసా) వేస్తానంటుంది. ఇద్దరిదీ ప్రేమే. కానీ వైద్యం దగ్గరికొచ్చేసరికి ఈ రెండు దారులకూ పోలికే లేదు.

విజిటర్‌గా అమెరికా వెళ్తే

2023లో ఆరు నెలలకని వెళ్లాం. అబ్బాయి మా ఇద్దరికీ విజిటర్ ఇన్సూరెన్స్ కొన్నాడు. కార్డు చేతికొచ్చింది కదా, ఇక దిగుల్లేదనుకున్నాం. ఒకరోజు రాత్రి రెండింటికి మా ఆవిడ లేచి కూర్చుంది. ఒళ్లంతా చెమట. "ఏవండీ, గుండెల మీద రాయి పెట్టినట్టుందండీ" అంది. అబ్బాయి కారులో ఎమర్జెన్సీకి తీసుకెళ్లాడు. వాళ్లు ఎంత శ్రద్ధగా చూశారో చెప్పలేను. ఈసీజీ తీశారు, గంట గంటకూ రక్తం తీసి పరీక్ష చేశారు, స్కాన్ చేశారు. గుండెపోటు కాదని తెల్లవారుజామున పంపించేశారు. గండం గడిచిందనుకున్నాం.

రెండు వారాల తర్వాత కవర్లు రావడం మొదలైంది. ఆసుపత్రిది ఒక బిల్లు, చూసిన డాక్టర్ల బృందానిది ఇంకోటి, స్కాన్ చదివినవాళ్లది మరోటి. "నాన్నా, ఇవాళ కూడా ఒకటొచ్చింది" అంటూ అబ్బాయి తెచ్చి బల్ల మీద పెట్టేవాడు. ఇన్సూరెన్స్ కంపెనీకి పంపితే, ఇండియాలో అయిదేళ్లుగా చూపించుకున్న వైద్యం కాగితాలన్నీ పంపమన్నారు. పంపాం. రెండు నెలలకు జవాబొచ్చింది: షుగర్ పాలసీకి ముందు నుంచీ ఉంది, ఈ సమస్య దానికి సంబంధించినదే, కాబట్టి చెల్లించం.

పాలసీ కాగితం అప్పుడు చదివాను, కొనేముందు చదవాల్సింది. విజిటర్ పాలసీలు రెండు రకాలు. ఒకటి ఫిక్స్‌డ్ బెనిఫిట్: డాక్టర్‌కు ఇంత, బెడ్‌కు రోజుకు ఇంత అని ఒక గీత గీసి, అంతవరకే ఇస్తుంది. ప్రీమియం తక్కువని చాలామంది ఇదే కొంటారు. అమెరికా బిల్లు ముందు అది ఏ మూలకూ రాదు. రెండోది కాంప్రిహెన్సివ్: డిడక్టిబుల్ (ముందు మన జేబులోంచి కట్టాల్సిన మొత్తం) పోగా బిల్లులో ఎక్కువ భాగం కడుతుంది. కొంటే ఇదే కొనండి. రెండింటిలోనూ ముందునుంచి ఉన్న జబ్బుకు వైద్యం ఉండదు. కొన్ని కాంప్రిహెన్సివ్ పాలసీల్లో 'అక్యూట్ ఆన్‌సెట్' అని ఒక వెసులుబాటు ఉంటుంది. అంటే ఉన్న జబ్బే అయినా ముందస్తు సూచన లేకుండా హఠాత్తుగా ముదిరి, 24 గంటల్లోపు చికిత్సకు వెళ్తే కొంత కడతారు. దానికీ వయసు పరిమితి ఉంటుంది, చాలావాటిలో 70 దాటితే ఆ కవరేజీ పోతుంది లేదా బాగా తగ్గిపోతుంది. నెమ్మదిగా ముదిరినదానికి, మామూలు చెకప్‌కి, మందులు తిరిగి రాయించుకోవడానికి ఏమీ రాదు.

అమెరికాలో 1986 నాటి చట్టం ఒకటుంది. డబ్బుందా, ఇన్సూరెన్సుందా అని చూడకుండా ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లను పరీక్షించి, ప్రాణాపాయం లేని స్థితికి తేవాలని అది చెబుతుంది. కాబట్టి బిల్లుకు భయపడి వెళ్లకుండా ఉండొద్దు. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఖర్చవుతుందని ఛాతీనొప్పిని దాచుకున్న తల్లిదండ్రులు నాకు తెలుసు. చూడటం వాళ్ల బాధ్యత, బిల్లు మాత్రం తప్పదు. బిల్లు వచ్చాక కూడా ఒక దారి ఉంది. లాభాపేక్ష లేని ఆసుపత్రులన్నిటికీ ఫైనాన్షియల్ అసిస్టెన్స్ అని ఒక పద్ధతి ఉండి తీరాలి. ముందు పద్దులవారీ బిల్లు అడగండి, తర్వాత ఆ ఫారం అడగండి. మాకు అలాగే గణనీయంగా తగ్గించారు. అడగకపోతే ఎవరూ చెప్పరు.

ఇంకో మాట. మీకు ఇంగ్లిష్ అంతగా రాకపోతే "తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి" అని అడగండి. అక్కడి ఆసుపత్రులు ఫోన్‌లోనో వీడియోలోనో ఉచితంగా ఏర్పాటు చేస్తాయి. కొడుకు పక్కనే ఉన్నాడు కదా అనుకోవద్దు. మా ఆవిడ చెప్పుకోవాల్సిన కొన్ని విషయాలు కొడుకు ముందు చెప్పలేదు, ఇంటర్‌ప్రెటర్ అమ్మాయితో చెప్పింది.

గ్రీన్ కార్డు: మొదటి అయిదేళ్ల ఖర్చు

"గ్రీన్ కార్డు వస్తే మెడికేర్ వస్తుందిగా" అని అందరూ అనుకుంటారు. మెడికేర్ అంటే 65 దాటినవాళ్లకు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా. అది రాదు, వెంటనే రాదు. 65 నిండాలి, గ్రీన్ కార్డుతో వరసగా అయిదేళ్లు అమెరికాలో నివాసం ఉండాలి. మధ్యలో నెలలకు నెలలు ఇండియాలో ఉండి వచ్చేవాళ్లకు ఈ 'వరసగా' అన్నదే చిక్కు తెస్తుంది. ఆరు నెలలు దాటి బయట ఉంటే తిరిగొచ్చినప్పుడు ప్రశ్నలు మొదలవుతాయి, ఏడాది దాటితే గ్రీన్ కార్డుకే ముప్పు.

మరి ఆ అయిదేళ్లూ? పేదవాళ్ల కోసం ఉన్న మెడికెయిడ్‌కు కూడా ఫెడరల్ నియమం ప్రకారం అయిదేళ్లు ఆగాలి. మిగిలింది మార్కెట్‌ప్లేస్‌లో పాలసీ కొనుక్కోవడం. అది ప్రైవేటు కంపెనీల పాలసీలు దొరికే ప్రభుత్వ వేదిక. దీనిలో ఒక గొప్ప మేలుంది: ముందునుంచి జబ్బు ఉందని పాలసీ నిరాకరించడానికి గానీ, ఆ జబ్బుకు డబ్బు కట్టకుండా తప్పించుకోవడానికి గానీ వీల్లేదు. వెయిటింగ్ పీరియడ్ కూడా లేదు. స్టెంట్ ఉన్నా, షుగర్ ఉన్నా మొదటి రోజు నుంచే వైద్యం అందుతుంది. విజిటర్ పాలసీకీ దీనికీ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా. దిగిన 60 రోజుల్లో తీసుకోవాలి. ఆ గడువు దాటితే నవంబరు 1న మొదలయ్యే వార్షిక గడువు దాకా ఆగాల్సిందే.

ధర మాత్రం బరువు. వయసును బట్టి కుర్రవాళ్ల కంటే మూడు రెట్ల దాకా వేయొచ్చు. న్యూయార్క్, వెర్మాంట్ రాష్ట్రాల్లో మాత్రం వయసుతో ధర మారదు, పిల్లలు అక్కడ ఉంటే అది అదృష్టమే. మిగతా చోట్ల 64 ఏళ్లవాళ్లకు సబ్సిడీ లేకుండా తలకు నెలకు వెయ్యి డాలర్లు దాటడం మామూలే. పైగా 2026లో ఒక మనిషి తన జేబులోంచి భరించాల్సిన గరిష్ఠ మొత్తం 10,600 డాలర్లు.

సబ్సిడీ సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే పాత అనుభవంతో చెప్పేవాళ్ల మాట ఇప్పుడు పనికిరాదు. 2025 దాకా, కొత్తగా వచ్చిన గ్రీన్ కార్డువాళ్ల ఆదాయం పేదరిక రేఖ కంటే తక్కువున్నా సబ్సిడీ వచ్చేది. మాకు తెలిసిన ఇద్దరు ముగ్గురు దాదాపు సున్నా ప్రీమియంతో గడిపేశారు. ఆ వెసులుబాటు 2026 జనవరి నుంచి లేదు. 2026 లెక్కలో భార్యాభర్తలకు ఆ రేఖ 21,150 డాలర్లు. మన పెన్షన్, ఎఫ్‌డీ వడ్డీ కలిపినా చాలామందికి అంత రాదు. అంటే ఆదాయం తక్కువగా ఉన్నందుకే సబ్సిడీ పోతుంది. పోనీ కొడుకు తన టాక్స్ రిటర్న్‌లో మనల్ని డిపెండెంట్లుగా చూపిస్తే వాడి ఆదాయమే మన ఆదాయంగా లెక్కకొస్తుంది, అప్పుడు ఆదాయం ఎక్కువై సబ్సిడీ పోవచ్చు. 2021 నుంచి ఇచ్చిన అదనపు సబ్సిడీ కూడా 2025 డిసెంబరుతో ముగిసింది. కాబట్టి పూర్తి ధర కట్టే స్థోమత అబ్బాయికి ఉందా అని ముందే, మొహమాటం లేకుండా అడగండి. నేనడిగాను. వాడు కాసేపు లెక్కలేసుకుని, "ఇద్దరికీ అయితే ఇంటి వాయిదా అంత అవుతుంది నాన్నా" అన్నాడు.

అయిదేళ్లు నిండాక మెడికేర్ వస్తుంది, కానీ అదీ ఉచితం కాదు. అక్కడ పదేళ్లు, అంటే 40 క్వార్టర్లు, పన్ను కట్టి పనిచేసినవాళ్లకే ఆసుపత్రి ఖర్చులు చూసే పార్ట్ ఎ ఉచితం. కొడుకు ఎన్నేళ్లు పనిచేసినా ఆ లెక్క తల్లిదండ్రులకు వర్తించదు, భర్త పని భార్యకు, భార్య పని భర్తకు వర్తిస్తుంది. పని చేయనివాళ్లకు 2026లో పార్ట్ ఎ నెలకు 565 డాలర్లు, డాక్టర్ల ఖర్చు చూసే పార్ట్ బి 202.90 డాలర్లు. ఇద్దరికీ కలిపి నెలకు 1,535 డాలర్ల పైమాట, ఏడాదికి 18 వేలు దాటుతుంది. మందుల కోసం పార్ట్ డి దీనికి అదనం. గడువులోపు పార్ట్ బి తీసుకోకపోతే ఆలస్యమైన ప్రతి పన్నెండు నెలలకూ పది శాతం చొప్పున జరిమానా జీవితాంతం కట్టాలి. పార్ట్ ఎ కొనాల్సిన స్థితిలో ఉన్నవాళ్లు మెడికేర్ తీసుకోకుండా మార్కెట్‌ప్లేస్ పాలసీలోనే కొనసాగొచ్చు, కానీ ఆ జరిమానా లెక్క వెనక పెరుగుతూనే ఉంటుంది.

అరవై, అరవై రెండుకే వెళ్లేవాళ్లు ఒకటి ఆలోచించొచ్చు. గ్రీన్ కార్డుతో పని చేయొచ్చు. బడిలో సహాయకులుగా, దుకాణంలో పార్ట్‌టైమ్‌గా చేస్తున్న మనవాళ్లు ఎందరో ఉన్నారు. 30 క్వార్టర్లు నిండితే పార్ట్ ఎ 311 డాలర్లకు తగ్గుతుంది, 40 నిండితే ఉచితం. ఇద్దరిలో ఒక్కరికి 40 నిండినా రెండోవారికీ ఆ లాభం అందుతుంది. చేతికి నగదు ఇచ్చి, పన్ను కట్టకుండా చేయించుకునే పని మాత్రం ఈ లెక్కలోకి రాదు.

పళ్లు, కళ్లజోడు, వినికిడి యంత్రం మామూలు మెడికేర్‌లో లేవు. అంతకంటే పెద్దది, మంచాన పడితే స్నానం చేయించి అన్నం తినిపించే మనిషి ఖర్చు కూడా లేదు. కాకినాడలో నెలకు ఇరవై, పాతిక వేలిస్తే ఇంట్లో ఒక మనిషి దొరుకుతుంది. డాలస్‌లో ఆ ఖర్చు అబ్బాయి జీతాన్నే మింగేస్తుంది. ఇది గ్రీన్ కార్డు తీసుకునేవాళ్లు చాలామంది ఆలోచించని విషయం.

కెనడా సూపర్ వీసా

సూపర్ వీసా మీద ఒకసారి వెళ్తే ఏకబిగిన అయిదేళ్లు ఉండొచ్చు, 2022 జులై నుంచి ఈ సౌకర్యం. రాకపోకలకు ఇబ్బంది లేదు, ఇండియాలో మన పునాది కదలదు. ఇది పెద్ద లాభం. కానీ అయిదేళ్లున్నా మీరు విజిటరే. అక్కడి ప్రభుత్వ వైద్యం, అంటారియోలో ఓహిప్ అంటారు, మీకు రాదు.

బదులుగా కనీసం లక్ష కెనడా డాలర్ల కవరేజీతో, కనీసం ఏడాదికి ఇన్సూరెన్స్ చూపిస్తేనే వీసా ఇస్తారు. ఇంతకుముందు కెనడా కంపెనీ పాలసీయే ఉండాలనేవారు, 2025 జనవరి నుంచి అక్కడి నియంత్రణ సంస్థ అనుమతి ఉన్న విదేశీ కంపెనీల పాలసీలనూ ఒప్పుకుంటున్నారు. కెనడా పాలసీల్లో నాకు నచ్చింది 'స్టేబుల్' అన్న నియమం. ఉన్న జబ్బును ఒక్కసారిగా తోసిపుచ్చరు. గత 90 రోజులో 180 రోజులో జబ్బు నిలకడగా ఉంటే, అంటే కొత్త లక్షణం రాకుండా, మందు మారకుండా, మోతాదు మారకుండా ఉంటే, ఆ జబ్బు వల్ల వచ్చే ఎమర్జెన్సీకి కడతారు. అందుకు ప్రీమియం కాస్త ఎక్కువ, అయినా కొనదగ్గది.

ఇక్కడ మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. ప్రయాణానికి నెల ముందు "ఒకసారి అన్నీ చూపించుకుని వెళ్దాం" అని డాక్టర్ దగ్గరికి వెళ్తారు. ఆయన బీపీ మాత్ర మోతాదు పెంచుతాడు. అంతే, 180 రోజుల లెక్క మళ్లీ మొదటికొస్తుంది. చెకప్ మానమని కాదు. ఆ చెకప్ ప్రయాణానికి ఏడెనిమిది నెలల ముందు చేయించుకోండి, మారిన మందులకు ఒళ్లు అలవాటు పడ్డాక టికెట్ కొనండి. నిజంగా మందు మార్చాల్సి వస్తే మార్చి, ప్రయాణం వాయిదా వేయండి.

ఈ పాలసీ ఎమర్జెన్సీకే. మూడు నెలలకోసారి చేయించుకునే షుగర్ పరీక్ష, దంతవైద్యం, మందులు అన్నీ చేతి డబ్బే. క్లెయిమ్ లేకుండా ముందే తిరిగొచ్చేస్తే మిగిలిన నెలల ప్రీమియం చాలా కంపెనీలు వెనక్కిస్తాయి. వీసా తిరస్కరిస్తే డబ్బు తిరిగిస్తారా లేదా అన్నది కొనేముందే అడగండి.

కెనడాలో శాశ్వత నివాసం వస్తే సంగతి వేరే. ప్రభుత్వ వైద్యం వస్తుంది, ఉన్న జబ్బని చూడరు, ప్రీమియం లేదు. బ్రిటిష్ కొలంబియాలో చేరిన నెల పోగా రెండు నెలలు ఆగాలి. అంటారియోలో 65 దాటినవాళ్లకు మందుల ఖర్చులో అధిక భాగం కూడా ప్రభుత్వానిదే. అమెరికాతో పోలిస్తే ఇది ఎంతో మెరుగు. స్పెషలిస్టు కోసం నెలల తరబడి ఎదురుచూడటం, ఫ్యామిలీ డాక్టర్ దొరక్కపోవడం మాత్రం అమ్మాయి రోజూ చెప్పే కష్టాలే. అసలు చిక్కు ఆ నివాసం రావడంలో ఉంది. తల్లిదండ్రుల స్పాన్సర్‌షిప్‌కు 2020లో పేరు నమోదు చేసుకున్నవాళ్ల నుంచే 2025 దాకా లాటరీ తీస్తూ వచ్చారు. పిలుపు వచ్చినా వైద్య పరీక్షలో "ప్రభుత్వ వైద్యానికి మితిమీరిన భారం" అనిపిస్తే తిరస్కరించే అధికారం వాళ్లకుంది. స్పాన్సర్ చేసిన పిల్లలు ఇరవై ఏళ్లు మన బాధ్యత తీసుకుంటామని సంతకం పెట్టాలి, క్యూబెక్‌లో పదేళ్లు. మీ పిల్లల పేరు ఆ 2020 జాబితాలో లేకపోతే దీన్ని లెక్కలోకి తీసుకోకండి.

ఇంగ్లండ్, ఆస్ట్రేలియా

ఇంగ్లండ్ గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. 2012 జులైలో నియమాలు బిగించాక, రోజువారీ పనులకు కూడా ఇంకొకరి సాయం కావాల్సిన స్థితిలో ఉండి, ఆ సాయం ఇండియాలో డబ్బిచ్చినా దొరకదని రుజువు చేస్తేనే తల్లిదండ్రులకు నివాసం ఇస్తారు. మన ఊళ్లో మనిషి దొరుకుతాడు కాబట్టి మన దరఖాస్తులు నిలబడటం కష్టం. విజిటర్‌గా వెళ్తే ఎమర్జెన్సీ విభాగంలో చూడటం ఉచితమే, ఆసుపత్రిలో చేర్చుకున్న క్షణం నుంచి ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్య సేవ) ధరకు ఒకటిన్నర రెట్లు బిల్లు. 500 పౌండ్లు బాకీ పడితే అది ఇమిగ్రేషన్ వాళ్లకు చేరుతుంది, తర్వాతి వీసాకు అడ్డమవుతుంది. ఇన్సూరెన్స్ లేకుండా వెళ్లకండి.

ఆస్ట్రేలియాలో దారి ఉంది, ఓపికే ఉండాలి. పిల్లల్లో కనీసం సగం మంది, లేదా మరే ఒక్క దేశంలో కంటే ఎక్కువ మంది, అక్కడ స్థిరపడి ఉండాలి. భారీ రుసుము కట్టే 143 వీసాకే ఇప్పుడు వేస్తే పన్నెండేళ్లకు పైగా వేచి ఉండాలి, రుసుము తక్కువున్న 103కి ముప్పై ఏళ్లు దాటుతుంది. వీసా చేతికొచ్చాక మెడికేర్ (అక్కడి ప్రభుత్వ వైద్యం పేరూ ఇదే) మొదటి రోజు నుంచే వస్తుంది, ఆ మాట నిజం. 60కి వేస్తే 72 దాటాకే వస్తుంది. ఈలోగా 870 అనే తాత్కాలిక వీసా మీద మూడేళ్లో అయిదేళ్లో, మొత్తం మీద పదేళ్ల దాకా ఉండొచ్చు. దానికి సగం మంది పిల్లల నియమం లేదు, మెడికేరూ లేదు, ప్రైవేటు ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఆ ప్రైవేటు పాలసీల్లో ముందున్న జబ్బుకు సాధారణంగా పన్నెండు నెలలు ఆగాలి.

ఇక్కడి పాలసీ మానేయకండి

ఇది అన్నిటికంటే ముఖ్యం. "వెళ్లిపోతున్నాంగా, ఇంకా ఇక్కడ ప్రీమియం ఎందుకు దండగ" అని ఆరోగ్య బీమా ఆపేస్తారు. దయచేసి ఆ పని చేయకండి.

ఇండియాలో కొత్త పాలసీ తీసుకుంటే ఉన్న జబ్బుకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టే హక్కు కంపెనీకి ఉంది. 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించింది. అయిదేళ్లు ఆపకుండా కట్టిన పాలసీని, మోసం రుజువైతే తప్ప, "మీరు జబ్బు దాచారు" అని తిప్పికొట్టడానికి వీల్లేదు. ఆ ఏళ్లన్నీ మీరు కూడబెట్టుకున్న ఆస్తి. ఒక్కసారి రెన్యువల్ తప్పితే, 72 ఏళ్లకు తిరిగొచ్చి మళ్లీ మొదటి మెట్టు దగ్గర నిలబడాలి. 65 దాటినవాళ్లకూ కొత్త పాలసీ ఇవ్వొచ్చని 2024 ఏప్రిల్ నుంచి నియమం మారింది నిజమే, ఇచ్చేది ఏ ధరకు, ఏ షరతులతో అన్నది కంపెనీ ఇష్టం. 60 దాటినవాళ్లకు ఏడాదిలో పది శాతానికి మించి ప్రీమియం పెంచాలంటే ఐఆర్‌డీఏఐని సంప్రదించాలని 2025 జనవరిలో చెప్పారు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ కూడా తీసేశారు. కాబట్టి పాలసీ నిలబెట్టుకోవడం ఇంతకుముందుకంటే తేలిక.

70 నిండినవాళ్లకు ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది. 2024 అక్టోబరు 29న మొదలైంది. ఆదాయంతో పనిలేదు, ఆధార్ చాలు, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా. ప్రైవేటు పాలసీ ఉన్నా ఇది తీసుకోవచ్చు. కేంద్ర పెన్షనర్లు మాత్రం సీజీహెచ్‌ఎస్ కావాలో ఇది కావాలో ఎంచుకోవాలి. రాష్ట్ర పెన్షనర్లకు ఈహెచ్‌ఎస్ కార్డు ఉండనే ఉంది. మోకాలి మార్పిడి, కంటి శుక్లం లాంటి తొందరలేని ఆపరేషన్లు ప్రయాణానికి ముందే ఇక్కడ చేయించుకోవడం మంచిది.

ఎవరికి ఏది

ఇద్దరూ 62 లోపు, జబ్బు పెద్దగా లేదు, పిల్లలకు స్థోమత ఉంది, ఇక్కడ చూసేవాళ్లు ఎవరూ లేరు: గ్రీన్ కార్డు ఆలోచించదగ్గదే. అందులోనూ ఒకరు పని చేయగలిగితే పదేళ్ల తర్వాత స్థితి చాలా బాగుంటుంది.

గుండె జబ్బు నిలకడగా లేదు, కిడ్నీ సమస్య ఉంది, క్యాన్సర్ చికిత్స నడుస్తోంది, విజిటర్‌గా వెళ్దామనుకుంటున్నారు: వెళ్లొద్దనే చెబుతాను. మీకు కావాల్సిన వైద్యం ఒక్కటీ ఆ పాలసీలో ఉండదు. పిల్లల్ని రమ్మనండి. డయాలిసిస్ మీద ఉన్న మా సహోద్యోగి ఒకరు మనవడి బారసాలకు వెళ్లలేకపోయానని కంటతడి పెట్టుకున్నారు. బిడ్డకు అయిదు నెలలు నిండగానే వాళ్లే వచ్చి ఆయన ఒళ్లో పడుకోబెట్టారు.

షుగర్, బీపీ మందులతో నిలకడగా ఉన్నవాళ్లకు, పిల్లలు కెనడాలో ఉంటే, సూపర్ వీసా మీద 'స్టేబుల్' షరతున్న పాలసీతో ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ. అయిదేళ్లు ఉండనిస్తారు కదా అని అయిదేళ్లూ ఉండక్కర్లేదు. ఇండియాకు వచ్చిన ఆరు నెలల్లో పరీక్షలన్నీ, మందులన్నీ ఇక్కడ చూసుకోవచ్చు.

ఇద్దరిలో ఒకరు పోయి ఒక్కరే మిగిలినప్పుడు ఈ లెక్కలన్నీ మారిపోతాయి. ఒంటరిగా ఉండటం కూడా ఒక జబ్బే. అప్పుడు పిల్లలు పూర్తి ధర కట్టైనా సరే గ్రీన్ కార్డు మీద తీసుకెళ్తే తప్పుపట్టను. మా ఇద్దరం ఉన్నన్నాళ్లూ మాత్రం గ్రీన్ కార్డు వద్దనుకున్నాం. అమ్మాయి దగ్గరికి సూపర్ వీసా మీద, అబ్బాయి దగ్గరికి కాంప్రిహెన్సివ్ పాలసీతో రెండేసి నెలలు. ఇక్కడి పాలసీ ఒక్క నెల కూడా తప్పనివ్వలేదు.

ఎటు వెళ్లినా మందులు సరిపడా తీసుకెళ్లండి. అమెరికాకు మూడు నెలలకు సరిపడా, డాక్టర్ చీటీతో, స్ట్రిప్పులు విప్పకుండా. ఇక్కడి బ్రాండ్ పేర్లు అక్కడ ఎవరికీ తెలియవు. ఆ రాత్రి ఎమర్జెన్సీలో నర్సు "ఏ మందులు వాడుతున్నారు?" అని అడిగితే మా ఆవిడ "గ్లైకోమెట్" అంది. ఆమెకు అర్థం కాలేదు, అబ్బాయి ఫోన్‌లో వెతికి చెప్పేదాకా ఆగాల్సి వచ్చింది. ఇప్పుడు ఇద్దరి పర్సుల్లోనూ ఒక అట్టముక్క ఉంటుంది. మా ఆవిడే రాసింది, ఒకవైపు తెలుగులో, ఒకవైపు ఇంగ్లిష్‌లో: గ్లైకోమెట్ అంటే మెట్‌ఫార్మిన్, ఎకోస్ప్రిన్ అంటే ఆస్పిరిన్, డోలో అంటే ఎసిటమినోఫెన్. దాని కింద మోతాదులు, నా స్టెంట్ వేసిన నెల, సంవత్సరం, ఏ మందు పడదో అది, అబ్బాయి నంబరు, అమ్మాయి నంబరు. మందు మారినప్పుడల్లా పాత అట్ట చింపేసి కొత్తది రాస్తుంది.